సీలులేని డబ్బా

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో తయారై, 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చింది. డబ్బాలో మూసి అమ్మే ఆహారం చెడితే దానిని పట్టుకోవటానికి ఈ చట్టం చక్కగా ఉపయోగపడుతుంది. డబ్బామీద తయారుచేసినవారి పేరు, బ్యాచి నంబరు, తేదీ ఉంటవి. ఒకటి చెడినదని తేలితే అదే నంబరుగల డబ్బాలన్నిటినీ అంగళ్ళ నుంచి వెనక్కు తెప్పించవచ్చు.

పలాస, టెక్కలి వీధులలోనూ, ఉద్దానం పల్లెలలోనూ ఇంటి ముంగిట దించే 20 లీటర్ల నీళ్ళ డబ్బా సంగతి వేరు. (దీనిని టిన్ను అనటం వాడుక, ఉన్నది ప్లాస్టిక్కు.) ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దానికి కారణం నీరేనని నేటివరకు రుజువు కాలేదు. అయినా బావినీటి మీద నమ్మకం సడలి, జనం నీరు కొనటానికి అలవాటుపడ్డారు.

చట్టంలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. ప్యాకేజి నీటికి నిర్ణయించిన ప్రమాణాలు సీలువేసిన పాత్రలోని నీటికి వర్తిస్తవి. అటువంటి నీటిలో 250 మిల్లీలీటర్లకు ఒక్క కోలిఫారం సూక్ష్మజీవి కూడా ఉండరాదు. సీలు లేకుండా ఉత్త మూత బిగించి పంపిన నీరు 'ప్యాకేజి' కాదని వాదించటానికి సందు ఉన్నది. 2024లో ప్యాకేజి నీటిని అధిక ప్రమాదంగల ఆహారాల వర్గంలో చేర్చినా ఆ సందు పూడలేదు.

శాస్త్రదృష్టితో చూస్తే ఈ సీలులేని నీటికే కాపలా ఎక్కువ కావాలి. రివర్స్ ఆస్మోసిస్ యంత్రంలో నీటిని ఒత్తిడితో పలుచని పొరగుండా పంపుతారు. లవణాలు వెనుక నిలిచిపోతవి. క్లోరిన్ ఆ పొరను పాడుచేస్తుంది కనుక నీటిలో అది ఉంటే ముందే బొగ్గుతో తొలగిస్తారు. అంటే, బయటికి వచ్చిన నీటికి ఆ తరువాత సోకే క్రిములనుంచి రక్షణ లేదన్నమాట. ఇల్లిల్లూ తిరిగి వచ్చిన డబ్బాను లోపల రుద్ది కడగకపోతే గోడలకు జిగట పట్టి, అందులో క్రిములు పెరుగుతవి. యంత్రం దగ్గర పట్టిన నమూనా ఎంత శుభ్రంగా ఉన్నా డబ్బాలోని నీటి సంగతి చెప్పదు.

నమూనా అందిన 14 రోజులలో ఆహార విశ్లేషకుడు నివేదిక పంపాలని చట్టం. డబ్బా నీరు ఒకటి రెండు రోజులలో తాగేస్తారు. నివేదిక వచ్చేసరికి పట్టుకోవటానికి నీరూ ఉండదు, ఏ డబ్బా ఎవరింటికి వెళ్ళిందో లెక్కా ఉండదు.

కొన్నవారే రుసుము చెల్లించి పరీక్ష చేయించుకోవటానికి 40వ సెక్షను వీలు కల్పించింది. మంచిదే. కాని ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవానికి తెలపాలట! మరునాడు ఉదయం ఆ మనిషే మరొక డబ్బా తెచ్చి దించాలి. ఊరికి వచ్చే నీళ్ళబండి ఒక్కటే అయినచోట ఆ మాట అనటానికి ఎవరు ముందుకు వస్తారు?