చెట్టుకప్ప గ్రుడ్లు - పాఠములోని ఒక వాక్యము

ఈ జాతి కప్ప నీటిలో గ్రుడ్లు పెట్టును, ఆ జాతి ఆకులపై పెట్టును అను వాక్యములు జంతుశాస్త్ర పాఠములలో తరచుగా కానవచ్చును. కంఠస్థము చేయుటకు ఇవి సులభములే. కాని గ్రుడ్లు పెట్టు చోటు జాతికి మార్పులేని లక్షణమను భావమును ఇవి విద్యార్థి మనస్సులో నాటును. ఆ భావము పరీక్షకు నిలుచునా?

పనామా దేశమున డెండ్రోప్సోఫస్ ప్రజాతికి చెందిన రెండు చెట్టుకప్పలు కలవు. మైక్రోసెఫాలస్ అను జాతి నీటిలో గ్రుడ్లు పెట్టును. దాని చుట్టమైన ఎబ్రకేటస్ నీటిపైకి వంగిన ఆకులపై పెట్టునని చిరకాలము తలచిరి. ఆకుపై వెలువడిన తోకకప్పలు క్రింది నీటిలోనికి జారిపడును. ఇంతవరకు పాఠములోని వాక్యము సరియైనదే యని తోచును.

2008లో జస్టిన్ టచన్, కారెన్ వార్కెన్టిన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకమును సడలించినది. చెట్ల నీడగల మడుగు వద్ద ఎబ్రకేటస్ గ్రుడ్లను ఆకులపై పెట్టుచుండగా, ఎండ తగులు మడుగున నీటిలో కూడ పెట్టుచుండెను. ఆ రెండు మడుగుల కప్పలకు పుట్టుకతోనే వేర్వేరు అలవాట్లున్నవేమో యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. మడుగులను చూచినంత మాత్రమున ఈ సందేహము తీరదు. అందుచే వారు కృత్రిమముగా చిన్న మడుగులను కల్పించి, నీడను మార్చి చూచిరి. నీడను బట్టి గ్రుడ్ల చోటును మారెను.

కారణము తెలియనిది కాదు. కప్పగ్రుడ్డుకు పెంకు లేదు, జిగురుపొర మాత్రమే కలదు. ఎండలోని ఆకుపై అది ఎండిపోవును. నీటిలో ఆ భయము లేకున్నను, చేపలు, నీటిపురుగులు తినివేయును. ఆకుపై చీమలు, కందిరీగలు, పాములు పొంచియుండును. ఏ చోటును పూర్తిగా క్షేమము కాదు.

అట్లని కప్ప ఆలోచించి నిర్ణయించినదని చెప్పుట మరియొక పొరపాటు. రెండు చోట్లు అందుబాటులో నున్నపుడు పరిస్థితిని బట్టి ఒకదానివైపు మొగ్గుటయే ఇచట ఎంపిక యను మాటకు అర్థము.

కావున పాఠములోని వాక్యమును కొట్టివేయనక్కరలేదు. ఏ పరిస్థితులలో అను మాటను దానికి చేర్చిన చాలును. తెలుగునాట వానకాలమున కనబడు చెట్టుకప్ప వేరు కుటుంబమునకు చెందినది. అది నీటికి పైన నురుగు గూడు కట్టి గ్రుడ్లు పెట్టును. ఆ గూడును చూపునపుడు ఉపాధ్యాయుడు కప్ప పేరుతో ఆగక, గూడు ఎక్కడ నున్నది, నీడ ఎంత, క్రింద నీరున్నదా యని విద్యార్థులచే వ్రాయించిన యెడల, వారు పాఠమును వల్లించుట మాని పరీక్షించుట నేర్తురు.