కిన్నెర పునరుజ్జీవనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఫలానా జానపద వాద్యం మళ్లీ బతికిందని మీరు పత్రికల్లో చదువుతూ ఉంటారు. ఆ మాటను విమర్శకుడు ఎలా పరీక్షించాలో పన్నెండు మెట్ల కిన్నెర ఉదాహరణగా తెలుసుకుందాం.

కిన్నెర తెలుగువారికి కొత్త కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. వెదురు కర్రకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, కర్రపై మైనంతో మెట్లు అతికించి, తీగలు బిగిస్తే కిన్నెర తయారవుతుంది. తెలంగాణలో డక్కలి కళాకారులు దీనిని మీటుతూ కథలు పాడతారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య ఈ సంప్రదాయంలోనివారే. ఆయన పాడే కథల్లో పండుగ సాయన్న కథ ముఖ్యమైనది. సాయన్న ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన పాలమూరు వీరుడు.

2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొగిలయ్య గొంతుతో, కిన్నెరతో మొదలైంది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. కిన్నెర పేరైనా వినని లక్షలాది మంది దాని నాదం విన్నారు. ఈ మేలును తక్కువ చేయకూడదు.

అయితే ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది రూపం. కథాగాయకుడు శ్రోతలను బట్టి కథను పెంచుతాడు, కుదిస్తాడు, నడుమ వచనం కలుపుతాడు. సినిమాలో కిన్నెర పాటకు సాకీ మాత్రమే. ఆ తరువాత ఇతర వాద్యాలు అందుకుంటాయి. రెండవది వస్తువు. వీరుని పుట్టుకను, వంశాన్ని చెప్పే కథన పద్ధతి సినిమా పాటలోనూ ఉంది. కానీ ఆ వీరుడు పోలీసు అధికారి. అధికారాన్ని ఎదిరించినవాణ్ణి కీర్తించిన పద్ధతి అధికారిని కీర్తించడానికి ఉపయోగపడింది. పాట బాగుందా లేదా అన్నది వేరే ప్రశ్న. కిన్నెర ఎవరి పక్షాన పలికింది అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

కాబట్టి గుర్తింపు, పునరుజ్జీవనం ఒకటి కావు. గుర్తింపు కళాకారునికి దక్కుతుంది. పునరుజ్జీవనానికి వాద్యం చేసేవారు, నేర్చుకునేవారు, కథంతా కూర్చుని వినేవారు కావాలి. ఈ ముగ్గురిలో ఎవరు లేకపోయినా వాద్యం ప్రదర్శన వస్తువుగా మిగులుతుంది.

మీ ప్రాంతంలోని శారద, జముకు వంటి ఒక వాద్యాన్ని ఎంచుకోండి. దానిని ఇప్పుడు ఎవరు తయారు చేస్తున్నారు? ఎవరు నేర్చుకుంటున్నారు? పూర్తి కథ ఎవరికి వచ్చు? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు సేకరించిన తరువాతే ఆ వాద్యం బతికిందో లేదో రాయండి.