దొడ్డుప్పు పనితనం

ఊరగాయ అనగానే గుంటూరు, గోదావరి పేర్లు ఎత్తేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. వాళ్ల ఆవకాయను కాదనను. కానీ నల్లగొండ ఇళ్లలో నకిరేకల్ నిమ్మకాయతో పెట్టే తొక్కు ముందు ఏ జాడీ అయినా వెనకే నిలబడాలి.  

కాయలు కడిగి, ఒక్కోదాన్నీ పొడిగుడ్డతో తుడిచి, నాలుగు ముక్కలు కోస్తారు. దొడ్డుప్పు, పసుపు కలిపి జాడీకెత్తి వాసెన కడతారు. చుక్క నీళ్లు పోయరు. అయినా మూడోనాటికి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ నీళ్లు ముక్కలోవే. ప్రతి కణానికీ ఉండే పలుచని త్వచం నీళ్లను పోనిస్తుంది, ఉప్పును మాత్రం తేలిగ్గా రానివ్వదు. బయట ఉప్పు చిక్కబడితే లోపలి నీళ్లు అటే నడుస్తాయి. కణం ముడుచుకుంటుంది, త్వచం కణకవచాన్ని వదిలి లోపలికి జరుగుతుంది. ఇదే ద్రవాభిసరణ. బడిలో ఆలుగడ్డతో చేయించే ప్రయోగం మన వంటింట్లో ఏటా నడిచేదే. ఈ ద్రవాభిసరణ పుట్టించే పీడనానికి లెక్క కట్టిన వాంట్ హాఫ్‌కు 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ దక్కింది. మన పెద్దమ్మలకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

చివరికి కణాలు చచ్చి, త్వచం కాపలా పోయి, ఉప్పు లోపలిదాకా దిగుతుంది. తోలు కింది తెల్లపొర తెలుపు పోయి, వెలుతురుకు పట్టి చూస్తే మసకగా అవతల కనిపిస్తుంది. అప్పుడు ముక్కలు పిండి ఎండబోస్తారు, రసాన్ని వేరే ఎండబెడతారు. ముడతలు పడిన ముక్కను మళ్లీ రసంలో వేస్తే పీల్చుకుని ఉబ్బుతుంది. కారం, మెంతిపిండి, ఎల్లిపాయ పోపు ఆ తర్వాతే. నేనెరిగిన ఒక పెద్దమ్మకు తూకం తెలియదు, పిడికిలే కొలత. ఊట చుక్క నాలుకకు రాసుకుని "ఇంకింత ఉప్పు వడాలె" అన్నదంటే ఇక తిరుగులేదు. ఏడాది దాటినా ఆమె ముక్క చితకదు. ఏం చేయి అది!

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం. అందులో రక్తకణం ఉబ్బదు, ముడుచుకోదు. జాడీలో ఉప్పు దానికి సుమారు పదింతలు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చాలావరకు అక్కడ నీళ్లు దక్కక ఆగిపోతాయి, మిగతా పని నిమ్మ పులుపు చూసుకుంటుంది. తడి గరిటె పెడితే తిట్లు ఊరికే పడవు. నీళ్లు పడ్డచోట ఉప్పు పలచబడి బూజు లేస్తుంది. కొల్లాపూర్ మామిడి ముక్కకూ ఇదే న్యాయం.

ఇక ప్యాకెట్ తొక్కులంటారా! ఎండ మొహం చూడని ముక్కలో వెనిగర్ గుమ్మరించి, సోడియం బెంజోయేట్ చల్లి, పైన "అమ్మ చేతి రుచి" అని అచ్చేస్తారు. ఏ అమ్మ? ఆ ఘాటు గొంతులో గుచ్చుకుంటుంది, ముక్క నోట్లో పిప్పి అవుతుంది. మన పిల్లలు ఊరగాయంటే అదేననుకుని పెరుగుతున్నారు.

నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే మహిళా సంఘాలకు ఎండబోసుకునే గచ్చు, నాలుగు షెడ్లు కట్టివ్వండి. పెద్దమ్మలను ముక్కలు కోసే కూలీలుగా కాదు, ఉస్తాదులుగా పిలిచి జీతమివ్వండి.