జీవితచరిత్రలలో యాదృచ్ఛికము

మన భాషలో మహనీయుల జీవితచరిత్రలు వ్రాయువారు సాధారణముగ రెండు మార్గములలో నేదో యొకదానిని త్రొక్కుచుందురు. నాయకుడు పుట్టిననాడే యేదో శుభసూచన కన్పట్టినదనియు, పెద్ద లెవరో చేయి చూచి యిట్టివాడగునని చెప్పిరనియు వ్రాయుట మొదటిది. ఇది పాతది. పేదరికము నెదిరించి, దీపము లేని యింట చదివి, స్వయంకృషిచే పైకి వచ్చెనని వ్రాయుట రెండవది. ఇది క్రొత్తది, సంస్కారప్రియులమైన మనకు మిక్కిలి యిష్టమైనది. మొదటిదానిని మూఢవిశ్వాసమని త్రోసివేసిన మనము రెండవదానిని ప్రశ్నింపకయే యంగీకరించుచున్నాము. నాకు మాత్రము ఈ రెంటికిని పైకి కన్పట్టునంత భేదము లేదని తోచుచున్నది. రెంటియందును ఫలము ముందే నిశ్చయమై యున్నది. ఒకచోట విధి నిశ్చయించినది, ఇంకొకచోట నాయకుని గుణము నిశ్చయించినది. నడుమ జరిగిన చిన్న సంగతులు, ఉత్తరము ఆలస్యముగ నందుట, చుట్ట మొకడు సమయమునకు వచ్చుట, ఒక పుస్తకము చేతికి దొరకుట, ఇవి యన్నియు వట్టి యలంకారములై మిగిలిపోవుచున్నవి.

సంస్కృతమున కాకతాళీయ మనెడి న్యాయ మొకటి కలదు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలెను. అదే క్షణమున పండు రాలెను. ఒకదాని కొకటి కారణము కాదు. ఈ న్యాయమును చెప్పునప్పు డెల్ల మనము కాకిని, పండునే తలచుకొందుము. తాళ్లు మెండుగ నున్న కోనరావుపేటలో బడిపంతులుగా నున్న నాకు మూడవదానిపై దృష్టి పోవుట వింత గాదు. కాకి వ్రాలుటకును, పండు రాలుటకును ముందు చెట్టొకటి నిలిచి యుండవలెను గదా. యాదృచ్ఛికమును గురించి వ్రాయు రచయిత యా చెట్టు నెంతవరకు చూపెను? జీవితచరిత్రకైనను, నవలకైనను నేను పెట్టు పరీక్ష యిదియే.

వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము నీ పరీక్షకు పెట్టి చూతము. 1878లో వివేకవర్ధనిలో ప్రకటింపబడి, 1880లో పుస్తకరూపమున వచ్చిన యీ కథ గోల్డుస్మిత్తు రచించిన వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు ఛాయ ననుసరించి పుట్టినదని యెల్లరు నెరుగుదురు. 1887లో వెలువడిన దీని యాంగ్లానువాదమునకు అదృష్టచక్రమను నర్థము వచ్చు పేరు పెట్టిరి. ధవళేశ్వరమున సంపన్నుడై యుండిన రాజశేఖరుడు ముఖస్తుతులు చేయువారిని నమ్మి, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతయు పోగొట్టుకొని కుటుంబముతో కాశికి బయలుదేరును. ఇంతవరకు పంతులుగారి కలము నిర్దాక్షిణ్యమైనది. ఇంటికి వచ్చినవానిని కాదనలేమి, పదుగురిలో చిన్నతన మగునను జంకు, నేడు గాకున్న రేపు చూతమను బద్ధకము, ఇట్టి చిన్న చిన్న యంగీకారములచే నొక సంసార మెట్లు క్రుంగునో కన్నులకు గట్టినట్లు చూపిరి. పెండ్లికి అప్పు చేసి పొలము పోగొట్టుకొన్న యిల్లు మన యూళ్లలో నేది చూచినను ఆ ప్రకరణములే జ్ఞప్తికి వచ్చును.

తరువాతి భాగమున నా కలము మెత్తబడినది. త్రోవలో నాపద జెందియున్న రామరాజను బాటసారికి రాజశేఖరుని వారు ఉపచారము చేయుదురు. తుదకు ఆ రామరాజే మారువేషమున నున్న పెద్దాపురపు ప్రభువు కృష్ణజగపతి యని తేలును. కష్టములన్నియు నాతని చేత తొలగును. బాటలో పడియున్నవానికి దాహమిచ్చుట యెంత చిన్న కార్యమో, దాని ఫల మంత పెద్దది. కాని యా బాటసారి రాజు గాక యొక గొల్లవాడై యున్నచో? ఆ యుపచారము విలువ తగ్గునా? రాజశేఖరుడు చెరలోనే మగ్గవలసినదేనా? ఈ ప్రశ్నకు పుస్తకమున చోటు లేదు. యాదృచ్ఛికము కథలోనికి వచ్చి బహుమానముగ మారిపోయినది. 1878 నాటి చదువరులకు సత్ప్రవర్తనము లాభకరమని నమ్మబలుకవలసిన యవసరము పంతులుగారికి కలదు. ఆ తొందరను నేను క్షమింపగలను. ఆయనకు పిమ్మట నూఱేండ్లు దాటియు మన జీవితచరిత్రకారు లదే పని చేయుచుండుటను మాత్రము క్షమింపజాలను.

దూరమేల? మా మండలమునకు ప్రక్కనే వేములవాడ. దాని చెంతనున్న హనుమాజీపేటలో 1931 జూలై 29వ తేదీన సింగిరెడ్డి నారాయణరెడ్డి రైతుకుటుంబమున జన్మించెను. తరువాత నాతడు సి. నారాయణరెడ్డియై, 1980లో విశ్వంభర కావ్యమును ప్రకటించి, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నొందెను. 2017లో మరణించెను. మా పాఠ్యపుస్తకములలోని కవిపరిచయముల రీతి యిట్టిది: పుట్టుక, తల్లిదండ్రులు, గ్రంథముల పట్టిక, బిరుదులు. చదివిన పిల్లవాడు హనుమాజీపేట నుండి జ్ఞానపీఠమునకు తిన్నని బాట వేసియున్నదని తలచును.

అట్టి బాట లేదు. ఆనాడు నిజాము రాజ్యమున చదువు ఉర్దూభాషలో సాగుచుండెను. ఈయన సిరిసిల్లలో మాధ్యమిక విద్యయు, కరీంనగరమున నున్నతపాఠశాల విద్యయు, హైదరాబాదున చాదర్‌ఘాట్ కళాశాలలో నింటర్మీడియటును, ఉస్మానియాలో బి.ఏ.యు ఉర్దూ మాధ్యమముననే చదివెను. తెలుగు ఒక ఐచ్ఛికపాఠ్యము మాత్రమే. ఇట్టి చదువు చదివినవాడు కచేరీలో నుద్యోగమునకో, వకీలు వృత్తికో పోవుట సహజము. ఆతడు ఎం.ఏ.కు తెలుగు నెన్నుకొనెను. ఒక దరఖాస్తుపై నొక పాఠ్యము పేరు వ్రాయుట యెంతటి పని? అర నిమిషపు పని. దానిపై నొక కవియొక్క యావజ్జీవితము తిరిగినది.

ఇక్కడ కాకి వ్రాలినది, పండు రాలినది. చెట్టెక్కడ? విద్యార్థిగా నాతడు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున గూర్చుండి పుస్తకములు చదివెను. ఆ నిలయము 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు నెలకొల్పినది. నారాయణరెడ్డి పుట్టుటకు ముప్పదియేండ్లు ముందే, ఎవరో తెలియని పాఠకునికై తెలుగు పుస్తకములు బీరువాలలో సిద్ధమై యున్నవన్నమాట. ఉర్దూ విశ్వవిద్యాలయమే యైనను ఉస్మానియాలో తెలుగున కొక శాఖ యుండెను. రాయప్రోలు సుబ్బారావు అచట నాచార్యుడై పనిచేసెను. ఆ శాఖయే లేకున్నచో దరఖాస్తుపై వ్రాయుట కేమున్నది?

ఆ చెట్లు మొలచిన తీరును చూచిన నింకను విచిత్రముగ నుండును. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. కార్వే పండితు డధ్యక్షుడు. అందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు గోలచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము సహింపని తెలుగువారు కొందరు వెంటనే యొకచోట జేరి ఆంధ్రజనసంఘము నేర్పఱచుకొనిరి. అదియే పెరిగి ఆంధ్రమహాసభ యైనది. 1935లో ఆ సభ మాడపాటి హనుమంతరావుగా రధ్యక్షులుగా మా సిరిసిల్లలోనే జరిగినది. అట్లే నిజాము రాష్ట్రమున తెలుగు కవులు శూన్యమని యొకరు వ్రాసిన యొక్క వాక్యమునకు ప్రత్యుత్తరముగ సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలు కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఒక గోల, ఒక వాక్యము. ఇవియు కాకతాళీయములే. కాని విన్నవారు కొందరు దానిని తలవ్రాత యనుకొని యింటికి పోలేదు. యాదృచ్ఛికమును అందుకొని వా రొక సంస్థను నిలిపిరి. ఆ సంస్థ యింకొకని యాదృచ్ఛికమునకు తావైనది. జీవితచరిత్రలో వ్రాయదగిన సంగతి యిది. దీనిని విడిచి నాయకుని పట్టుదలను పొగడుట సులభము గనుక అట్లు చేయుచున్నారు.

బలవంతపు చదువైన ఉర్దూ కూడ నాతనికి వృథా పోలేదు. తెలుగున గజళ్లు వ్రాయుట కది పనికి వచ్చినది. దీనిని జూచి మాతృభాషలో చదువు లేకుండుటయే మేలయినదని వాదించువారున్నారు. నది నీది గట్టెక్కినవాని చూపి వంతెన వలదనుట వంటి దీ వాదము.

అదే హనుమాజీపేట ఒగ్గుకథకుడు మిద్దె రాములునకు కూడ స్వగ్రామము. 2010లో మరణించిన యాతని గొంతు వినని పల్లె మా ప్రాంతమున నరుదు. ఒగ్గు మ్రోగుచుండ, రాత్రంతయు కథ నడిపి, వేయిమందిని మేల్కొలిపి కూర్చుండబెట్టిన ప్రతిభ యది. నారాయణరెడ్డియు బాల్యమున పల్లెపాటలు, హరికథలు, జంగమకథలు వినియే కవిత్వమున కాకర్షితుడయ్యెను. ఒకే నేల, ఒకే పాట. ఒకని పాట అచ్చునకెక్కి డిల్లీ చేరెను. ఒకని పాట వాకిళ్లలో నిలిచెను. ఈ వ్యత్యాసము ప్రతిభలోని హెచ్చుతగ్గులచే వచ్చినదని యే విమర్శకు డైనను నిరూపింపగలడా? రెండవదానిని కొలుచుటకు మన సాహిత్యచరిత్రలలో కుంచమే లేదు. ఒగ్గుకథ తక్కువదని నే ననను. దానికి జీవితచరిత్రకారుడు దొరకకుండుటయు నొక యాదృచ్ఛికమే యని యనుచున్నాను.

బంగారము ఎక్కడ నున్నను మెరయునని కొందరందురు. మెరసినదానినే మనము చూచితిమి గనుక ఆ మాట సత్యమువలె దోచును. భూమిలో నుండిపోయినదాని లెక్క యెవరు తీసిరి? మా వైపు సిరిసిల్ల మొదలు కోరుట్ల, జగిత్యాల వఱకు బీడీల చాట ముందు కూర్చున్న స్త్రీలలో, గల్ఫు దేశములకు విమానమెక్కిన మగవారిలో, ఎవరి నడిగినను తమ జీవితము మలుపు తిరిగిన దినము చెప్పగలరు. అది సామాన్యముగ బహు చిన్న సంగతి. విచారించినచో నా నిర్ణయము చేసినది చాలసారులు వారు కాదు. ఇంటిలో మఱియొకరు, వేరొక తొందరలో.

మా తరగతి పిల్లలకు ఒకసారి వ్యాసమునకై మహాపురుషుల నొసగక, ఇంటిలోని పెద్దవారి చరిత్ర వ్రాయుడంటిని. పలువురు పాఠ్యపుస్తకపు మూసలోనే పుట్టుక, పెండ్లి, సుగుణములు వ్రాసిరి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాత్రము తన నాయనమ్మను గురించి ఒక పుట వ్రాసెను. ఊరికి పంతులు వచ్చి బడికి పేర్లు వ్రాసికొన్న దినమున మేక యొకటి తప్పిపోయినదట. వెదకుటకు నాయనమ్మను పంపిరి. ఇంట నున్న తమ్ముని పేరు వ్రాయించిరి. మరుసటి యేడు ఆమెను బీడీలకు కూర్చుండబెట్టిరి. తమ్ముడు చదివి పట్వారి కచేరీలో పనికి కుదిరెను. ఆ పిల్ల దేనిని పొగడలేదు, ఎవరిని నిందింపలేదు. చివరి పంక్తి ఇంటి మాటలోనే వ్రాసినది, దానిని దిద్దుటకు నాకు చేయి రాలేదు: "మేక తెల్లారి అదే ఇంటికచ్చిందట."