కుంజిక్క దగ్గర ఆగిపోయిన నవల

గల్ఫ్ అనగానే మాకు ఎడారి కన్నా ముందు కాగితాలు గుర్తొస్తాయి. పాస్‌పోర్టు, ఇఖామా, ఔట్‌పాస్. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో, హైదరాబాద్ పాతబస్తీలో చదువురాని ఇళ్లకు కూడా ఈ మాటలు తెలుసు. యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా బతికేవాణ్ని ‘ఖల్లివెల్లి’ అంటారు. అందుకే 2008లో వచ్చిన బెన్యామిన్ మలయాళ నవల ‘ఆడుజీవితం’ మాకు పరాయి కథ కాలేదు.

మేకల మధ్య నజీబ్ పడ్డ నరకం గురించి అందరూ మాట్లాడారు. మేము కుంజిక్క గురించి మాట్లాడతాం. ఎడారి దాటి రియాద్ చేరిన నజీబ్‌ని చేరదీసి, తిండి పెట్టి, మనిషిని చేసింది ఆయనే. ఈ పనికి ఆయనకు జీతం లేదు, హోదా లేదు. వలస కార్మికుల హక్కుల పని అని ఇవాళ మనం గౌరవంగా పిలిచేది చాలాచోట్ల ఇలాంటి వాకిళ్లలోనే మొదలైంది.

బెన్యామిన్ ఆయన్ని దయగల మనిషిగా చూపి వదిలేశాడు. ఆ దయ ఎక్కడ ఆగిపోతుందో నవలే చెప్తుంది. ఇల్లు చేరాలంటే నజీబ్ పోలీసులకు చిక్కి జైలుకు పోక తప్పలేదు. అక్కడికి అర్బాబులు వచ్చి తమ మనుషుల్ని గుర్తుపట్టి లాక్కుపోతారు. హమీద్‌ని అలాగే లాక్కుపోయారు. నజీబ్ అర్బాబు మాత్రం చూసి వదిలేశాడు. కారణం, నజీబ్ ఆయన వీసా మీద వచ్చినవాడు కాదు! దొంగతనంగా ఎత్తుకుపోయినవాడు ఇల్లు చేరాడు. కఫీల్ ఉన్నవాడు మళ్లీ వెట్టికి పోయాడు.

నవలకు గుండెకాయ ఇదే. నవల మాత్రం దీన్ని అల్లా కరుణ అనుకుని సాగిపోతుంది. నజీబ్‌ని బతికించిన ఈమాన్ మీద మాకు పేచీ లేదు. కానీ అర్బాబూ ముసల్మానే, నజీబూ ముసల్మానే, దారి చూపిన సోమాలీ ఇబ్రహీం ఖాదిరీ ముసల్మానే. ఒకే కలిమా చదివినంత మాత్రాన విడుదల దొరకలేదు. ఉమ్మత్ అని మురిసే మా పెద్దలూ, అరబ్బు దేశాలే మీవి పొమ్మని మమ్మల్ని దెప్పే పెద్దమనుషులూ ఈ జైలు ఘట్టం చదవాలి.

కఫీల్ అంటే పూచీదారు. పూచీదారే కట్టేసేవాడైతే దయ ఏం చేస్తుంది? 2021 మార్చిలో సౌదీ, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది. ఇంటిపనివాళ్లనూ గొర్రెలకాపర్లనూ మాత్రం అప్పుడు బయటే ఉంచింది. అంటే సరిగ్గా నజీబుల్నే. వలస కార్మికుల హక్కుల మీద 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో సౌదీ చేరలేదు, మన దేశమూ చేరలేదు.

కుంజిక్కకు మా సలాం. అయితే ఆయన వెనక ఒక వకీలు, ఒక సంఘం, ఒక చట్టం ఉండాలి. తప్పించుకున్న నజీబ్ కథ వచ్చింది. లాక్కుపోయిన హమీద్ కథ ఎవరు రాస్తారు?