నూటికి తగ్గిన ఏడు పాళ్లు

ఖనిజ విశ్లేషణలో చివరి పని కూడిక. రాయిని మెత్తగా నూరి, కరిగించి, అందులోని మూలకాలను ఒకదాని తరువాత ఒకటిగా వేరు చేసి తూచిన తరువాత, ఆ తూకాలను శాతాలలోకి మార్చి కూడితే మొత్తం నూటికి బాగా దగ్గరగా రావాలి. ఒకటి రెండు పాళ్లు తగ్గినా విశ్లేషకుడికి తన చేతి పని మీదే మొదటి అనుమానం కలుగుతుంది. పరిమాణాత్మక విశ్లేషణ అనే ఈ విద్య పందొమ్మిదో శతాబ్దంలో త్రాసు, కొలిమి, వడపోత కాగితం అనే మూడింటి మీద నడిచింది. అవక్షేపాన్ని, అంటే ద్రావణంలో నుంచి విడివడి అడుగుకు చేరే ఘనపదార్థాన్ని, ఎంతసేపు నిలవనివ్వాలో, ఎన్ని నీళ్లతో కడగాలో, ఎంత ఎర్రగా కాల్చాలో తెలిసిన చెయ్యే ఆనాటి పరికరం. ఆ విద్య ఎంత దూరం వెళ్లగలదో చూపడానికి ఒక్క ఉదాహరణ కావలసివస్తే, ఆర్జిరోడైట్ అనే అరుదైన వెండి ఖనిజాన్ని మించినది దొరకదు.

ఈ ఖనిజం దొరికిన ఫ్రైబెర్గ్ జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఉంది. 1168 ప్రాంతంలో వెండి బయటపడడంతో పుట్టిన ఆ పట్టణంలో 1765లో గనుల అకాడమీ వెలిసింది. అకాడమీలో బోధించేవారికి నడిచి వెళ్లేంత దూరంలో గనులు ఉండడం వల్ల, గనివారి చేతికి వింతగా కనిపించిన రాయి నేరుగా ఆచార్యుల బల్ల మీదికి చేరేది. 1863లో ఫెర్డినాండ్ రైఖ్, థియోడోర్ రిఖ్టర్ అనే ఇద్దరు ఇక్కడే జింక్ ఖనిజంలో ఇండియం మూలకాన్ని కనిపెట్టారు. రైఖ్‌కు రంగులు తెలియవు కనుక వర్ణపటంలోని నీలి గీతను చూసి చెప్పే పని రిఖ్టర్‌కు అప్పగించవలసి వచ్చింది. ఒకరికి లేని చూపును ఇంకొకరు పూరించిన ఆ పరిశోధనశాలల వాతావరణం తెలిస్తే, ఇరవై రెండేళ్ల తరువాత జరిగినది అదృష్టం మాత్రమే కాదని అర్థమవుతుంది.

1885లో ఫ్రైబెర్గ్ సమీపంలోని హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ గనిలో, వెండి సిరలలో కొత్తరకం ఖనిజం ఒకటి కనిపించింది. సిర అంటే రాతి పగుళ్లలోకి భూగర్భం నుంచి ఎగదన్నిన వేడినీరు, తనలో కరిగివున్న లోహాలను చల్లారుతూ విడిచిపెట్టగా ఏర్పడిన ఖనిజపు పట్టీ. మొదట సీసం, జింక్ సల్ఫైడ్‌ల వంటివి గడ్డకట్టి, నీరు బాగా చల్లబడిన చివరి దశలో వెండి ఖనిజాలు మిగిలిన ఖాళీలలో పేరుకోవడం ఇటువంటి సిరలలో సాధారణంగా కనిపించే వరుస. అకాడమీలో ఖనిజశాస్త్రం చెప్పే ఆల్బిన్ వైస్‌బాఖ్ ఈ రాయిని పరిశీలించి, వెండి పుష్కలంగా ఉన్నదనే అర్థం వచ్చే గ్రీకు మాటతో ఆర్జిరోడైట్ అని పేరు పెట్టాడు.

చేతిలోకి తీసుకుని చూస్తే ఇది తాజాగా విరిగిన చోట ఉక్కు రంగులో, కొద్దిపాటి ఎరుపు జీరతో, నిండైన లోహపు మెరుపుతో ఉంటుంది. గాలి తగిలినకొద్దీ ఊదారంగు కమ్మి చివరకు నల్లబడుతుంది. కాఠిన్యం రెండున్నర, అంటే గోటికి గీత పడీ పడనట్టుగా ఉంటుంది. నీటికి ఆరు రెట్లకు పైగా బరువు తూగుతుంది. మెరుగుపెట్టని పింగాణీ పలక మీద రుద్దితే బూడిద కలిసిన నల్లని గీటు పడుతుంది. వెండికీ గంధకానికీ పుట్టిన మామూలు సల్ఫైడ్ అయిన ఆకాంథైట్ కూడా చూపుకు దాదాపు ఇలాగే నల్లగా ఉంటుంది కనుక, రెంటినీ వేరు చేయడానికి చాకు మొన చాలు: ఆకాంథైట్ సీసంలా మెత్తగా కోతకు లొంగుతుంది, ఆర్జిరోడైట్ పెళుసుగా చిట్లి పొడి రాలుతుంది. ఖనిజశాస్త్రంలో ఇటువంటి చిన్న పరీక్షలకు ఉన్న విలువను ఇప్పటి పాఠ్యపుస్తకాలు తగినంతగా చెప్పడం లేదు.

ఇటువంటి ఖనిజాలను సల్ఫో లవణాలు అనే పెద్ద కుటుంబంలో చేర్చి చెప్పడం పాత సంప్రదాయం. సాధారణ సల్ఫైడ్‌లో ఒక లోహం గంధకంతో నేరుగా కలిసి ఉంటుంది. సల్ఫో లవణంలో వెండి, రాగి, సీసం వంటి లోహంతోపాటు ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్ వంటి అర్ధలోహం కూడా ఉండి, అది గంధకంతో ఒక జట్టుగా ఏర్పడి లోహానికి ఎదురు నిలుస్తుంది. మామూలు లవణాలలో ఆక్సిజన్ చేసే పనిని ఇక్కడ గంధకం చేస్తుందన్న పోలిక నుంచే ఆ పేరు వచ్చింది. ఆర్జిరోడైట్‌లోని అర్ధలోహం తన చుట్టూ నాలుగు గంధక పరమాణువులను చతుర్ముఖిగా నిలుపుకుంటుంది. ఆర్సెనిక్, ఆంటిమొనిల చుట్టూ మూడేసి గంధకాలు పిరమిడ్‌లా అమరడమే అసలు లక్షణమని పట్టుబట్టేవారు దీన్ని కుటుంబం అంచున నిలబెడతారు. ఆ తగవు వర్గీకరణకారులది. 1885లో సమస్య అంతకంటే మొదటిది, ఆ అర్ధలోహం ఏమిటో ఎవరికీ తెలియదు.

ఊదుగొట్టం పరీక్షలో, అంటే సన్నని గొట్టంతో మంటను రాతి ముక్క మీదికి ఊది అందులోని లోహాలను పసిగట్టే పద్ధతిలో, దిట్ట అయిన రిఖ్టర్ వెండి, గంధకం, కొద్దిపాటి పాదరసం ఉన్నాయని తేల్చాడు. పూర్తి విశ్లేషణ అకాడమీ రసాయనశాస్త్ర ఆచార్యుడు క్లెమెన్స్ వింక్లర్ చేతికి వచ్చింది. ఆయనకు వెండి 74.72, గంధకం 17.13, ఇనుము 0.66, పాదరసం 0.31, జింక్ 0.22 శాతం లెక్కకు వచ్చాయి; మొత్తం 93.04. మళ్లీ చేసినా, ఎన్నిసార్లు చేసినా దాదాపు ఏడు పాళ్ల లోటు అలాగే నిలిచింది. చేతి పొరపాటు ఒకసారి ఎక్కువ వైపుకు, ఒకసారి తక్కువ వైపుకు ఊగుతుంది. ప్రతిసారీ ఒకే చోట ఒకే మోతాదులో తగ్గే లెక్క వెనుక పదార్థమే ఉండాలని ఆయన నమ్మాడు. అందులో తెలియని మూలకం ఉన్నదన్నది ఆయన నిర్ణయం. ఇక మిగిలింది దాన్ని పట్టుకోవడం, ఆ పనికి నెలలు పట్టాయి.

ఎందుకు పట్టాయన్నది ఈ కథలో అన్నిటికంటే విలువైన భాగం. కొత్త మూలకం ఆంటిమొనికి దగ్గరి బంధువని వింక్లర్ ఊహించాడు కనుక, ఆ వర్గపు మూలకాలను విడదీసే దారినే ఎంచుకున్నాడు. ఖనిజపు పొడిని సోడా, గంధకాలతో కలిపి కరగబెట్టి, చల్లారిన ముద్దను నీటిలో నానబెడితే వెండి వంటివి అడుగున మిగిలిపోయి, ఆర్సెనిక్, ఆంటిమొని, వాటితోపాటు ఆ తెలియని పదార్థం నీటిలోకి దిగుతాయి. ఆ నీటికి ఆమ్లం కొద్దిగా కలిపితే ఆర్సెనిక్, ఆంటిమొనిల సల్ఫైడ్‌లు రంగుతో అడుగుకు చేరతాయి. వాటిని వడగట్టి ఎంత వెదికినా కొత్తదేమీ కనబడలేదు. కొత్త మూలకపు సల్ఫైడ్ తెల్లగా ఉండి, మామూలు నీటిలో కరిగిపోయే స్వభావం కలది. అందువల్ల విశ్లేషకుడు శుభ్రత కోసం అవక్షేపాన్ని కడిగిన ప్రతిసారీ, తాను వెదుకుతున్న దాన్ని తన చేతితోనే కడిగి పారబోసినట్టయింది. శ్రద్ధగా కడిగినకొద్దీ నష్టం ఎక్కువ. చివరకు వడగట్టిన నీటిని పారబోయకుండా, అందులో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ధారాళంగా పోయగా, తెల్లని అవక్షేపం బరువుగా దిగింది. దాన్ని కాల్చి, హైడ్రోజన్ వాయువులో క్షయకరణం చేసి, 1886 ఫిబ్రవరి 6న వింక్లర్ బూడిదరంగు లోహాన్ని కళ్లచూశాడు. అడుగుకు చేరిన దాన్నే నమ్మి, పైన తేరిన నీటిని చులకన చేసే అలవాటు ఎంత పాతదో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

ఆ మూలకానికి మొదట ఆయన అనుకున్న పేరు నెప్ట్యూనియం. మూలకాల ఆవర్తన పట్టికలోని ఖాళీలను బట్టి కొత్త మూలకాలను ముందే ఊహించినట్టు, నెప్ట్యూన్ గ్రహాన్ని కూడా చూడకముందే లెక్కగట్టారు కనుక ఆ పేరు సబబుగా తోచింది. అయితే అది అప్పటికే మరొకరు ప్రకటించిన పదార్థానికి వాడబడి ఉండడంతో, స్వదేశం పేరు మీద జర్మేనియం అని స్థిరపరిచాడు. ఆవర్తన పట్టికలో ఆంటిమొనికీ బిస్మత్‌కూ నడుమనున్న ఖాళీలో అది కూర్చుంటుందని వింక్లర్, కాడ్మియం తరువాతి ఖాళీలోదని ఆ పట్టికను కూర్చిన మెండలీవ్ మొదట భావించారు, ఇద్దరూ పొరబడ్డారు. సిలికాన్ కింద ఉన్న ఖాళీకి, అంటే 1871లో మెండలీవ్ ఎకా సిలికాన్ అని పేరు పెట్టి వర్ణించిన మూలకానికి, ఇది సరిపోతుందని గుర్తించిన తరువాత కుదిరిన లెక్కలు నేటికీ ఆశ్చర్యం గొలిపేవే. ఊహించిన పరమాణు భారం 72, వింక్లర్ కొలిచినది 72.32, ఊహించిన సాంద్రత 5.5, కొలిచినది 5.47, దాని క్లోరైడ్ నూరు డిగ్రీలకు తక్కువలో మరుగుతుందని మెండలీవ్ చెప్పాడు, అది 86 డిగ్రీల దగ్గర మరిగింది. పాఠ్యపుస్తకాలు ఈ పోలికల పట్టికను అచ్చువేసి ఘనత అంతా జోస్యానికే కట్టబెడతాయి. జోస్యం చెప్పినవాడే ఎదుట ఉన్న మూలకాన్ని మొదట గుర్తుపట్టలేకపోయాడన్న సంగతిని అవి దాటవేస్తాయి. త్రాసు చెప్పిన 93.04ను ఎవరూ నమ్మకపోయి ఉంటే ఆ పోలికల పట్టిక కుడివైపు గడి ఇంకొన్నాళ్లు ఖాళీగానే ఉండేది.

వింక్లర్‌ను తప్పులేనివాడిగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. ఖనిజంలో ఆరు వెండి పరమాణువులకు ఒక జర్మేనియం, ఐదు గంధకాలు ఉన్నాయని ఆయన సూత్రం కట్టాడు. 1893లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ పెన్‌ఫీల్డ్, బొలీవియా నుంచి వచ్చిన నమూనాలను విశ్లేషించి, ఎనిమిది వెండికి ఒక జర్మేనియం, ఆరు గంధకాలు అన్నది సరైన నిష్పత్తి అని చూపాడు. దాని ప్రకారం జర్మేనియం వాటా ఆరున్నర శాతానికి కొంచెం తక్కువ. పెన్‌ఫీల్డ్ తన చేతిలోనిది వేరే ఖనిజమని తలచి, గని ఇంజినీరు ఫ్రెడరిక్ కాన్‌ఫీల్డ్ పేరు మీద కాన్‌ఫీల్డైట్ అని పిలిచి, అది ఆర్జిరోడైటేనని తేలాక పేరును ఉపసంహరించుకుని, మరుసటి ఏడాది జర్మేనియం స్థానంలో తగరం నిండిన సోదర ఖనిజానికి అదే పేరు ఇచ్చాడు. జర్మేనియం, తగరం ఒకదాని చోట ఒకటి ఎంత పాళ్లలోనైనా కూర్చోగలవు కనుక ఆ రెండు ఖనిజాల నడుమ స్పష్టమైన గట్టు లేదు.

ఫ్రైబెర్గ్, బొలీవియాలోని కొల్కెచాకా, పొటోసి ప్రాంతాలు దీనికి పేరుపడ్డ చోట్లు. ఎక్కడ దొరికినా గుప్పెడే, ముడి ఖనిజంగా తవ్వుకునేంత ఎక్కడా లేదు. నేడు వాడే జర్మేనియంలో చాలా భాగం జింక్ శుద్ధిలో మిగిలే వ్యర్థాల నుంచి, కొంత బొగ్గు బూడిద నుంచి వస్తుంది. 1947లో తయారైన మొదటి ట్రాన్సిస్టర్ జర్మేనియం పలుకు మీదనే పనిచేసింది. ఇప్పుడు ఆ లోహానికి ముఖ్యమైన గిరాకీ ఆప్టికల్ ఫైబర్ల నుంచి, వేడిని బట్టి చీకటిలో చూడగల థర్మల్ కెమెరాల కటకాల నుంచి ఉంది. రాత్రి చూపు సాధనాలు తయారుచేసే భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం మచిలీపట్నంలో ఉన్నందువల్ల ఈ విషయం తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ముప్పై కీలక ఖనిజాల జాబితాలో జర్మేనియం చేరింది, ఆ ఆగస్టులోనే చైనా దాని ఎగుమతికి అనుమతులు తప్పనిసరి చేసింది.

ఖనిజపు అమరిక కథ ఇంకా ముగియలేదు. ఆర్జిరోడైట్ స్ఫటికాలు అష్టముఖిగా, అంటే మూడు దిశలలోనూ సమానమైన ఘనాకార వర్గపు రూపంలో కనిపిస్తాయి. లోపలి పరమాణువుల వరుస మాత్రం మూడు దిశలలో మూడు పొడవులు గల ఆర్థోరాంబిక్ వర్గానిది. దాదాపు 223 డిగ్రీలకు పైన లోపలి అమరిక కూడా ఘనాకారమవుతుంది కనుక, అంత వేడిలో ఏర్పడిన స్ఫటికం చల్లారినప్పుడు లోపల మారిపోయి పైరూపాన్ని నిలుపుకుంటుంది. ఆ వేడిలో వెండి అయాన్లు ఒక చోట నిలవక గంధకపు చట్రం సందులలో తిరుగాడతాయి. వెండి బదులు లిథియాన్ని, జర్మేనియం బదులు భాస్వరాన్ని పెట్టి అదే చట్రంలో తయారుచేసిన పదార్థాలను లిథియం ఆర్జిరోడైట్లు అంటున్నారు. ద్రవం లేని ఘన బ్యాటరీల కోసం వాటి మీద ఇప్పుడు విస్తృతంగా పరిశోధన సాగుతోంది.

వింక్లర్ తనకు వచ్చిన 93.04ను సర్దలేదు. మన డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లో మాత్రం రావలసిన జవాబు ముందే తెలుసుకుని, బ్యూరెట్ రీడింగును దానికి తగ్గట్టు సర్ది రికార్డులో రాసే అలవాటు ఉన్నదని రసాయనశాస్త్రం చదివినవారందరికీ తెలుసు. సరిపోయిన జవాబుకే పూర్తి మార్కులు పడుతున్నంతకాలం ఆ అలవాటుకు విద్యార్థిని తప్పుపట్టడం దండగ. అధ్యాపకులు వచ్చే ఏడాది నుంచి ఒక్క ప్రయోగానికైనా, వచ్చిన అంకెను వచ్చినట్టు రాసి తేడాకు కారణం వెదికినవారికి పూర్తి మార్కులు ఇవ్వాలి.