ఆరోగ్య, వ్యాధుల అభివృద్ధి మూలాలు: పరిశోధన కథనంలో తల్లి స్థానం

ఉపోద్ఘాతం:

డేవిడ్ బార్కర్ 1994లో వెలువరించిన ‘మదర్స్, బేబీస్ అండ్ డిసీజ్ ఇన్ లేటర్ లైఫ్’ గ్రంథం 1998లో మళ్లీ వచ్చినప్పుడు, శీర్షికలోని ‘డిసీజ్’ తొలగి ‘హెల్త్’ చేరింది. ఆ రంగం పేరు కూడా ఇలాగే మారింది. 2001లో ముంబైలో జరిగిన తొలి ప్రపంచ సదస్సు నాటికి అది ‘వయోజన వ్యాధుల గర్భస్థ మూలాలు’. మరి రెండేళ్లకు ‘ఆరోగ్య, వ్యాధుల అభివృద్ధి మూలాలు’ అయింది. వ్యాధికి ఆరోగ్యం తోడైంది, గర్భం స్థానాన్ని అభివృద్ధి ఆక్రమించింది. గ్రంథశీర్షికలో మాత్రం ‘మదర్స్’ అన్న తొలిపదం చెక్కుచెదరలేదు. ఈ శాస్త్రం చెప్పే కథలో తల్లి ఏ స్థానంలో నిలిచిందో, ఆ స్థానానికి ఆధారాల బలం ఎంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యశాస్త్రంలో నాది పాఠకుడి పరిచయమే. అయితే వాక్యంలో కర్త ఎవరని అడగడం తెలుగు అధ్యాపకుడికి అలవాటైన పని.

పటం నుంచి గర్భానికి:

బార్కర్, ఆస్మండ్ 1986లో ‘లాన్సెట్’లో ప్రచురించిన వ్యాసం తల్లులతో మొదలు కాలేదు, ఊళ్లతో మొదలైంది. ఇంగ్లండు, వేల్సులలో 1921-25 మధ్య శిశుమరణాలు అధికంగా ఉన్న ప్రాంతాలలోనే 1968-78 మధ్య గుండెజబ్బు మరణాలూ అధికమని వారు గుర్తించారు. అది పేదరికపు పటం. తర్వాత హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పాత పద్దుల పుస్తకాలు దొరికాయి. 1911 నుంచి అక్కడ పుట్టిన ప్రతి బిడ్డనూ తూచి, ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య సందర్శకులు తల్లిపాలా, సీసాపాలా అన్న వివరాన్నీ, ఏడాది నిండేనాటి బరువునూ రాసిపెట్టారు. ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే అధికారిణి పూనికతో సాగిన నమోదు అది. 1911-30 మధ్య పుట్టిన 5,654 మంది పురుషుల వివరాలను ఆ పుస్తకాలతో జతపరచి 1989లో బార్కర్ బృందం చెప్పిన విషయం ఇది: పుట్టినప్పుడూ, ఏడాదికీ బరువు తక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు అత్యధికం.

ఇక్కడ ఏడాది నాటి బరువుకూ లెక్క ఉంది. ప్రసవానంతరం ఆ ఏడాది అంతా ఇల్లు, పాలు, జబ్బులు, కూలి అన్నీ బిడ్డను తాకుతాయి. అయినా కథనం క్రమంగా గర్భంలోకే కుదించుకుపోయింది. 1992లో హేల్స్, బార్కర్ ప్రతిపాదించిన ‘పొదుపరి దేహరూపం’ సిద్ధాంతం ప్రకారం, పోషణ చాలని పిండం మెదడును కాపాడుకునేందుకు క్లోమం వంటి అవయవాల ఎదుగుదలను తగ్గించుకుంటుంది. ఆ శరీరానికి తర్వాత సమృద్ధిగా తిండి దొరికితే మధుమేహం వస్తుంది. శాస్త్రంగా ఈ ఊహ ఫలవంతమైనదే. రూపకం మాత్రం ఇబ్బందికరమైనది. పొదుపు చేసేవాడికి ఎంపిక ఉంటుంది. పస్తున్న ఇంటిని మనం పొదుపైన ఇల్లు అనము.

సుభద్ర నిద్ర:

ఈ పరిశోధనల గురించి తెలుగులో మాట్లాడగానే అభిమన్యుడు వస్తాడు, ప్రహ్లాదుడు వస్తాడు. మనవాళ్లకు ముందే తెలుసునన్న గర్వమూ వెంట వస్తుంది. ఆ కథలు గర్భంలో విద్య అందడం గురించి చెబుతాయి. తిండి, బరువు, రక్తనాళాలు వాటి విషయం కావు. పోలిక ఉన్నచోటు వేరే ఉంది, దాన్ని ఎవరూ ఎత్తి చూపరు. జనశ్రుతిలో అభిమన్యుడికి పద్మవ్యూహం నుంచి బయటపడే దారి తెలియకపోవడానికి కారణం సుభద్ర నిద్రపోవడం. పదహారేళ్ల కుర్రవాణ్ణి చుట్టుముట్టి చంపిన మహారథులుండగా, నెపం తల్లి కునుకు మీద పడింది. పత్రికల ఆరోగ్య శీర్షికలలో ‘గర్భిణి తినాలి, నడవాలి, ఆందోళన పడకూడదు’ అనే విధ్యర్థక వాక్యాలు ఈ వారసత్వాన్నే కొనసాగిస్తున్నాయి. కర్త ఆమె ఒక్కతే. పెట్టేవారెవరో, పనినుంచి విడిచేవారెవరో ఆ వాక్యాలలో కనిపించరు. 2014లో ‘నేచర్’లో సారా రిచర్డ్‌సన్ తదితరులు తల్లులను నిందించవద్దని రాసింది ఇటువంటి ధోరణిని చూసే.

మన దేశపు ఆధారాలు ఏం చెబుతున్నాయి? చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుణె సమీప గ్రామాలలో చూసిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. కండ తగ్గినంతగా కొవ్వు తగ్గకపోవడం వల్ల వారిని ‘సన్నని-లావు’ శిశువులన్నారు. ఆ అధ్యయనంలోనే గర్భిణి చేసే బరువైన పనికీ, బిడ్డ పరిమాణం తగ్గడానికీ సంబంధం కనిపించింది. పొలం పని, నీళ్లు మోయడం ఆ లెక్కలో ఉన్నాయి. నీళ్లు మోయడం గర్భిణి అలవాటు కాదు, ఊళ్లో కుళాయి లేకపోవడం.

హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ జరిపిన పరిశీలన ఈ చర్చకు మరింత కీలకం. 15 గ్రామాలలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ వండిన ఉప్మా పెట్టారు. మిగిలిన 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం చేరలేదు. ఆ పిల్లలలో 1,165 మందిని 13-18 ఏళ్ల వయసులో పరీక్షించి సంజయ్ కిన్రా బృందం 2008లో ఫలితాలు ప్రకటించింది. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. ఇన్సులిన్ నిరోధం వారిలో 20 శాతం తక్కువ, ధమనుల బిరుసూ తక్కువే. రక్తపోటులో, కొవ్వులలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గ్రామాల ఎంపిక లాటరీ పద్ధతిలో జరగలేదు కనుక ఈ అంకెలను జాగ్రత్తగానే వాడాలి. అయినా ఇందులో పోల్చినది ఊరితో ఊరిని. క్రియ ‘పెట్టడం’, కర్త ప్రభుత్వ పథకం. ఆ 14 మిల్లీమీటర్లలో గర్భం వాటా ఎంతో, తర్వాతి ఆరేళ్ల ఉప్మా వాటా ఎంతో విడదీయడానికి ఆ అధ్యయనంలో వీలు లేదు.